అమ్మేవాళ్లు వెనక చూస్తారు

పోయిన వేసవిలో అమ్మ నా దగ్గర ఆరు నెలలు ఉండటానికి అమెరికా వచ్చింది. నేనుండేది డెట్రాయిట్ పక్కనే, నోవైలో. 2025లో తానా మహాసభలు జరిగింది ఇక్కడే కాబట్టి ఊరి పేరు వినే ఉంటారు.

అమెరికా వచ్చిన అమ్మలందరి కథే మా అమ్మదీను. మొదటి వారం అన్నీ వింత. రెండో వారానికి బోర్. కార్లలో నడిచే సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం నాది. పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే మళ్లీ లేచేది సాయంత్రమే. అమ్మ బాల్కనీలో కూర్చుని రోడ్డు మీద ఒక్క మనిషైనా నడుస్తాడేమోనని చూస్తూ ఉండేది.

ఒక సాయంత్రం కింద పోస్టు బాక్సుల దగ్గర మా గ్రౌండ్ ఫ్లోర్ పెద్దావిడ ఎదురైంది. నల్లజాతి ఆవిడ, డెబ్భై అయిదు దాటి ఉంటాయి. పోస్టు తీసుకోవడానికి వచ్చినా ఇస్త్రీ చేసిన బట్టలే వేసుకుంటుంది. అమ్మ ఆరోజు మంగళగిరి కాటన్ చీర కట్టుకుంది. ఆవిడ "పట్టుకుని చూడొచ్చా?" అని అడిగింది. పైట అంచుని రెండు వేళ్ల మధ్య మెల్లగా నలిపింది. తర్వాత దాన్ని తిప్పి వెనక వైపు చూసింది. "చేత్తో నేసిందేనా?" అంది. నేను అవునన్నాను. నవ్వి వెళ్లిపోయింది.

పైకి రాగానే అమ్మ, "ఆవిడ బట్టల షాపులో పనిచేసిందే" అంది.

"నీకెలా తెలుసు?"

"వెనక్కి తిప్పి చూసింది, చూడలేదా? కొనేవాళ్లు ముందు చూస్తారు, అమ్మేవాళ్లు వెనక చూస్తారు."

మా అమ్మ విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో 15 ఏళ్లు సేల్స్ గర్ల్‌గా పనిచేసింది. ఈ వాక్యం ఇంత మామూలుగా రాయడానికి నాకు 28 ఏళ్లు పట్టింది. అది చివర్లో చెప్తాను.

మర్నాడు ఆవిడనే అడిగేశాను. అమ్మ చెప్పింది నిజమే. డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లోని హడ్సన్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో 1968లో చేరి, 1983లో దాన్ని మూసేసే రోజు దాకా పనిచేసిందట. అంటే ఆవిడదీ 15 ఏళ్లే! అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఇద్దరూ కింద బెంచీ మీద కూర్చునేవాళ్లు. మధ్యలో నేను ట్రాన్స్‌లేటర్‌ని. కొన్నాళ్లకి నా అవసరం కూడా తగ్గిపోయింది.

ఊరంత షాపు

హడ్సన్స్ అంటే మనం చూసే మాల్ లాంటిది అనుకోకండి. మాల్‌లో వంద షాపులుంటాయి, వంద మంది ఓనర్లుంటారు. ఇది మొత్తం కలిపి ఒకటే షాపు.

1881లో జోసెఫ్ లోథియన్ హడ్సన్ అనే ఆయన డెట్రాయిట్ ఒపెరా హౌస్ కింది అంతస్తులో మగవాళ్ల బట్టలు, పిల్లల బట్టలతో మొదలుపెట్టాడు. పదేళ్లకి వుడ్‌వర్డ్ అవెన్యూ దగ్గర సొంత బిల్డింగ్ కట్టాడు. తర్వాత దాన్ని ముక్కలు ముక్కలుగా పెంచుకుంటూ పోయారు. 1946కి వచ్చేసరికి ఒక బ్లాకు మొత్తం ఆ షాపే. ఎత్తు 410 అడుగులు. ఒకదాని మీద ఒకటి రెండు చార్మినార్లు పెట్టినా ఇంకా మిగులుతుంది. లోపల అన్ని అంతస్తులూ కలిపి 21 లక్షల చదరపు అడుగులు, అంటే 48 ఎకరాల పైమాటే. అమెరికాలో దానికన్నా పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఒక్కటే ఉండేది, న్యూయార్క్ మేసీస్. ఎత్తులో మాత్రం హడ్సన్స్‌దే పైచేయి.

1950ల్లో అది మంచి ఊపులో ఉన్నప్పుడు దాదాపు 12,000 మంది పనిచేసేవారు. రోజుకి లక్ష మంది దాకా కస్టమర్లు. గుండుసూది నుంచి సోఫా సెట్ దాకా అన్నీ అక్కడే. తక్కువ ధర సరుకంతా బేస్‌మెంట్‌లో. పన్నెండో అంతస్తులో క్రిస్మస్‌కి బొమ్మల లోకం, శాంటా తాత. పదమూడో అంతస్తులో భోజనాలు. థాంక్స్ గివింగ్ రోజు ఊళ్లో జరిగే పరేడ్‌ని 1924లో మొదలుపెట్టింది కూడా ఈ షాపే. ఆ పరేడ్ ఇప్పటికీ జరుగుతోంది.

బిల్డింగ్ ముందు వేలాడదీసే జెండా కథ వింటే అమ్మ నోరు తెరిచింది. 1949లో చేయించిన అమెరికా జెండా పొడవు 235 అడుగులు, వెడల్పు 104 అడుగులు, బరువు 1,500 పౌండ్లు. "అన్నీ సరే, దాన్ని మడత పెట్టిందెవరు?" అని అడిగింది అమ్మ.

పెద్దావిడ పడీ పడీ నవ్వింది. ఇన్నేళ్లలో ఆ జెండా గురించి ఎవ్వరూ ఆ ప్రశ్న అడగలేదట.

కాళ్ల కబుర్లు

ఇద్దరూ మొట్టమొదట ఏం మాట్లాడుకున్నారో తెలుసా? కాళ్ల గురించి.

పెద్దావిడది స్కార్ఫుల కౌంటర్. ముదురు రంగు బట్టలే వేసుకోవాలి. కౌంటర్ మీద ఆనుకోకూడదు. కస్టమర్ ఉన్నా లేకపోయినా నిలబడే ఉండాలి. ఇంటికి వెళ్లాక వేడినీళ్ల టబ్బులో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే, తన చెల్లెలు రేడియో పెట్టేదట. ఆ అరగంటే తనకి రోజు మొత్తం మీద సొంత టైమ్ అని చెప్పింది.

అమ్మ ఏం మాట్లాడకుండా చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి పిక్క మీద ఉబ్బిన నీలం నరాలు చూపించింది. పెద్దావిడ ప్యాంటు మడిచి తన కాలు చూపించింది. నేను ట్రాన్స్‌లేట్ చేయడానికి అందులో ఏమీ లేదు.

అమ్మ షాపులో పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా డ్యూటీ. దసరా, సంక్రాంతి, ఆషాఢం సేల్ వస్తే టైమే ఉండదు. కూర్చుంటే సూపర్‌వైజర్ కేక. చిన్నప్పుడు రాత్రి అమ్మ వచ్చి గుమ్మం దగ్గరే కూలబడిపోయేది. నేను మంచినీళ్లు తెచ్చిచ్చేదాన్ని. అమ్మ ఇంట్లోకి రావడానికి అయిదు నిమిషాలు పడుతుందని మాత్రమే నాకు తెలుసు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చోవడానికి సీటు ఇవ్వాలని కేరళ 2018లో చట్టం మార్చింది. తమిళనాడు 2021లో మార్చింది. ఆ వార్త అప్పట్లో నేను ఫోన్‌లో చదివే ఉంటాను. అమ్మకి చెప్పాలని మాత్రం తట్టలేదు. ఆ బెంచీ మీద చెప్తే, "కూర్చోనివ్వడానికి కూడా చట్టం కావాల్సి వచ్చిందన్నమాట" అంది.

తెచ్చినా నవ్వాలి

ఇప్పుడు మనం ఆన్‌లైన్‌లో ఏదైనా కొని నచ్చకపోతే ఒక్క ట్యాప్‌తో రిటర్న్ కొట్టేస్తాం. హడ్సన్స్ ఈ పని ఎప్పుడో చేసింది. ఇంటికి సరుకు పంపడం, నచ్చకపోతే వెనక్కి తీసుకోవడం వాళ్ల గొప్ప పేరు. కస్టమర్‌తో వాదన అనే మాటే ఉండకూడదు.

"మరి తీసుకునేవాళ్ల సంగతో?" అని అమ్మ అడిగింది.

ఒకామె శుక్రవారం ఒక పట్టు స్కార్ఫు కొనుక్కెళ్లి, సోమవారం తెచ్చిచ్చిందట. దాని నిండా సెంటు వాసన, అంచు మీద లిప్‌స్టిక్. పార్టీకి వేసుకుందని చూస్తేనే తెలుస్తోంది. పెద్దావిడ అప్పటికి చేరి నెల కూడా కాలేదు. సూపర్‌వైజర్ వైపు చూస్తే, ఆమె కళ్లతోనే 'తీసుకో' అంది. డబ్బులు వెనక్కిచ్చి, "మళ్లీ రండి" అని చెప్పాలి, అదీ నవ్వుతూ. ఆ నవ్వే తన ఉద్యోగంలో కష్టమైన భాగం అని చెప్పింది పెద్దావిడ.

అమ్మ షాపులో దీనికి పూర్తిగా తిరగేసి. 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని గోడ మీద బోర్డు. అది పెట్టింది ఓనరు, తిట్లు తినేది మాత్రం కౌంటర్ దగ్గరున్న అమ్మాయి. ఒకసారి స్టాక్ లెక్కలో ఒక పట్టుచీర తక్కువ వచ్చింది. ఎవరు తీశారో తెలీదు. ఆ సెక్షన్‌లో ఉన్న నలుగురు ఆడవాళ్ల జీతంలో నాలుగు నెలల పాటు కోసేశారు. ఆ ఏడాది నాకు స్కూల్ బ్యాగ్ కొనలేదు. పాతదానికే జిప్పు మార్పించారు. కారణం నాకు ఈ బెంచీ మీదే తెలిసింది.

"అక్కడ తీసుకుని నవ్వాలి. ఇక్కడ తీసుకోకుండా నవ్వాలి" అంది అమ్మ.

వంటింట్లోంచి కౌంటర్ దాకా

హడ్సన్స్ అంటే డెట్రాయిట్ జనం ఇప్పటికీ చెప్పేది మారిస్ సలాడ్ గురించి. హ్యామ్, టర్కీ, చీజ్, ఊరబెట్టిన చిన్న దోసకాయలు సన్నగా తరిగి వేసే సలాడ్ అది. అందరూ దాని రుచి చెప్తారు. మా పెద్దావిడకి మాత్రం దాని వాసన గుర్తు. వాళ్లమ్మ ఆ వంటింట్లోనే పనిచేసేదట.

చాలా ఏళ్ల పాటు ఆ షాపులో నల్లజాతి వాళ్లకి పని దొరికేది వంటిళ్లలో, ఊడ్చి తుడిచే చోట, ఇలా కస్టమర్ కంటికి పెద్దగా ఆనని చోటే. కౌంటర్ వెనక నిలబడి అమ్మే ఉద్యోగం తెల్లవాళ్లది. దాని మీద ఊళ్లో చాలా పోరాటం జరిగాకే పరిస్థితి మెల్లగా మారింది. పాప్ సింగర్ డయానా రాస్ పేరు విన్నారా? స్టార్ కాకముందు, హైస్కూల్ రోజుల్లో ఆవిడ కూడా హడ్సన్స్ కెఫెటేరియాలో టేబుళ్ల మీద ప్లేట్లు తీసే పని చేసింది.

1968లో మా పెద్దావిడకి స్కార్ఫుల కౌంటర్ ఇచ్చిన రోజు, వాళ్లమ్మ భోజనం టైమ్‌లో కిందికి దిగి వచ్చిందట. దగ్గరకి రాలేదు. దూరంగా ఒక స్తంభం పక్కన రెండు నిమిషాలు నిలబడి, కూతుర్ని చూసి వెళ్లిపోయింది. ఇంటికెళ్లాక, "నీ కౌంటర్ మీద అద్దం మురికిగా ఉంది, తుడుచుకో" అని మాత్రం అన్నదట.

అమ్మ ఇది విని చాలాసేపు మాట్లాడలేదు. నాకు కూడా ట్రాన్స్‌లేషన్ సరిగ్గా రాలేదు.

జనం వెళ్లిపోయారు

ఇంత పెద్ద షాపు ఎందుకు మూతపడింది?

ఒక కారణం షాపు తన చేతుల్తో తనే చేసుకుంది. 1954లో హడ్సన్స్ వాళ్లే ఊరి బయట సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌లాండ్ అనే పెద్ద షాపింగ్ సెంటర్ తెరిచారు. డిజైన్ చేసింది విక్టర్ గ్రూయెన్. ఈరోజు మనం మాల్ అంటున్నదానికి దారి చూపిన ఆర్కిటెక్ట్ ఆయన. కారున్నవాళ్లకి పార్కింగ్ సుఖంగా ఉంది, ఇంటికి దగ్గర. ఇక డౌన్‌టౌన్‌కి ఎందుకెళ్తారు?

కొత్త హైవేలు పడ్డాయి. తెల్లవాళ్లు ఊరి బయటకి ఇళ్లు మార్చారు. 1967 జులైలో డెట్రాయిట్ తగలబడింది. ఆ అల్లర్లలో 43 మంది చనిపోయారు. కార్ల ఫ్యాక్టరీల ఉద్యోగాలు పోవడం మొదలైంది. 1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల పైనే. 2020 లెక్కల్లో 6 లక్షల 39 వేలు. షాపు ఉన్నచోటే ఉంది, దాని చుట్టూ ఉన్న ఊరు ఖాళీ అయిపోయింది.

అప్పటికే 1969లో కంపెనీ డేటన్ అనే ఇంకో కంపెనీతో కలిసిపోయి డేటన్-హడ్సన్ అయింది. ఆ కంపెనీయే 2000లో పేరు మార్చుకుని టార్గెట్ అయింది. అవును, బెంగళూరులో పెద్ద ఆఫీసున్న టార్గెట్టే. అక్కడ పనిచేసే మన తెలుగువాళ్లలో ఎంతమందికి ఈ చరిత్ర తెలుసో!

పెద్దావిడ చూస్తుండగానే ఒక్కో అంతస్తూ చీకటి పడిపోయింది. ముందు పై అంతస్తులు మూశారు. తర్వాత సెక్షన్లు కలిపేశారు. స్కార్ఫులు, చేతి సంచులు, టోపీలు అన్నీ ఒకే కౌంటర్ మీదకి వచ్చాయి. మూసేస్తున్నామని 1982లోనే ప్రకటించారు. చివరి రోజు 1983 జనవరి 17.

చివరి రోజుల్లో జనం మళ్లీ వచ్చారట. పదేళ్లుగా అటు తొంగిచూడనివాళ్లు పిల్లల్ని తీసుకుని వచ్చి, "ఇక్కడే నేను శాంటాని చూశాను" అని ఏడ్చేవాళ్లు. పెద్దావిడ చేతులు పట్టుకుని ఓదార్చమన్నట్టు చూసేవాళ్లు.

"నా ఉద్యోగం పోతోంది, వాళ్లని నేను ఓదార్చాలి" అంది పెద్దావిడ. "'ఇన్నాళ్లూ మీరంతా ఎక్కడికెళ్లారు?' అని అడగాలనిపించింది. అడగలేదు. నవ్వుతూ బిల్లు వేసి ఇచ్చాను."

రేపట్నుంచి రావొద్దు

అమ్మ షాపు మూసింది 2016లో. అప్పుడు నేను బీటెక్ సెకండియర్. ఊళ్లో పెద్ద పెద్ద షోరూమ్‌లు వచ్చాయి. లిఫ్టు, ఏసీ, సినిమా హీరోయిన్లతో ఓపెనింగ్. చిన్న షాపులు ఒక్కొక్కటీ తట్టుకోలేకపోయాయి. ఒకరోజు రాత్రి గల్లా కట్టేశాక ఓనరు అందర్నీ పిలిచి, "రేపట్నుంచి రావొద్దమ్మా" అన్నాడు. అంతే. ఆ నెల జీతం సగమే ఇచ్చాడు. మిగతా సగానికి అమ్మ మూడుసార్లు తిరిగి, ఇక మానేసింది.

హడ్సన్స్ మూతపడితే పేపర్లు రాశాయి, టీవీలు చూపించాయి, పుస్తకాలు వచ్చాయి. అమ్మ షాపు మూతపడిందని రాయడానికి ఏముంది? పదకొండు మంది సేల్స్ వాళ్లు మర్నాడు పొద్దున పదింటికి ఇంట్లోనే ఉండిపోయారు. వార్త అంతే.

ఖాళీ స్థలం ముందు

ఒక ఆదివారం ముగ్గురం నా కారులో డౌన్‌టౌన్ వెళ్లాం. హడ్సన్స్ బిల్డింగ్ ఇప్పుడు లేదు. మూసేశాక 15 ఏళ్లు అలాగే నిలబడి ఉంది. 1998 అక్టోబర్ 24న పేలుడు పదార్థాలతో కూల్చేశారు. అప్పటిదాకా ప్రపంచంలో అలా కూల్చిన బిల్డింగులన్నింటిలో ఇదే ఎత్తైనది. శిథిలాలు పడి పక్కనున్న పీపుల్ మూవర్ రైలు ట్రాక్ కూడా దెబ్బతింది. చూడటానికి వేల మంది వచ్చారు. పెద్దావిడ రాలేదు. టీవీలో కూడా సగంలోనే ఆపేసిందట.

తర్వాత చాలా ఏళ్లు అక్కడ నేల కింద పార్కింగ్ తప్ప ఏమీ లేదు. 2017 డిసెంబర్‌లో కొత్త టవర్‌కి శంకుస్థాపన జరిగింది. ఇప్పుడు అక్కడ 681 అడుగుల అద్దాల టవర్ ఉంది. జనరల్ మోటార్స్ తన హెడ్‌క్వార్టర్స్‌ని ఇక్కడికి మారుస్తున్నట్టు 2024లో ప్రకటించింది. టవర్‌కి పేరు మాత్రం 'హడ్సన్స్ డెట్రాయిట్' అనే పెట్టారు.

"పేరు ఉంచారు. మంచిదే" అంది పెద్దావిడ. తర్వాత ఫుట్‌పాత్ మీద నాలుగడుగులు అటూ ఇటూ నడిచి, ఒకచోట ఆగి, "ఇక్కడ తలుపు" అంది. ఇంకాస్త ముందుకెళ్లి, గాలిలో చెయ్యి చాపి, "అక్కడ నా కౌంటర్" అని చూపించింది. మేం చూసింది అద్దాల గోడ. ఆవిడకి ఏం కనపడిందో ఆవిడకే తెలుసు.

"నీ షాపు ఫొటో ఉందా?" అని అమ్మని అడిగింది.

లేదు. 15 ఏళ్లలో ఒక్కటి కూడా లేదు. కౌంటర్ దగ్గర ఫోన్ ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు. మేమూ ఎప్పుడూ వెళ్లి తియ్యలేదు.

ఇక నా సంగతి. ఇంజినీరింగ్ కాలేజీ అప్లికేషన్‌లో తల్లి వృత్తి దగ్గర నేను 'గృహిణి' అని రాశాను. ఫ్రెండ్స్ అడిగితే, "అమ్మ టెక్స్‌టైల్స్ లైన్‌లో ఉంది" అనేదాన్ని, ఏదో బిజినెస్ ఉన్నట్టు. ఒకసారి ఫ్రెండ్స్‌తో బీసెంట్ రోడ్డులో నడుస్తూ, అమ్మ షాపు రాకముందే రోడ్డు దాటి అవతలి వైపుకి వెళ్లిపోయాను. ఆరోజు రాత్రి అమ్మ ఏమీ అనలేదు. గుమ్మం దగ్గర కూర్చుని నా చేత్తో మంచినీళ్లు తాగింది.

తిరిగొచ్చేటప్పుడు కారులో తెలుగులో ఇదంతా చెప్పేశాను. అమ్మ కిటికీలోంచి బయటకి చూస్తూ, "నువ్వు రోడ్డు దాటడం చూశాన్లే. అప్పుడు గిరాకీ ఉంది, ఏడవడానికి టైమ్ లేదు" అంది. వెనక సీట్లో పెద్దావిడకి భాష అర్థం కాలేదు. అయినా ముందుకి వంగి అమ్మ భుజం మీద చెయ్యేసింది.

సెప్టెంబర్‌లో అమ్మ వెళ్లిపోయింది. వెళ్లిన వారానికి వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. బీసెంట్ రోడ్డు, సాయంత్రం జనం, హారన్లు. అమ్మ షాపు ఉన్నచోట ఇప్పుడు మొబైల్ షోరూమ్ ఉంది. అమ్మ మెట్లెక్కి లోపలికెళ్లింది. ఫోన్ కవర్లు వేలాడదీసిన స్టాండ్ దగ్గర ఆగి, "ఇదిగో, ఇదే నా కౌంటర్. ఎడమ పక్క చీరలు, కుడి పక్క బ్లౌజ్ పీసులు. పెద్దావిడకి చూపించు" అంటోంది.

అంతలో యూనిఫామ్ వేసుకున్న కుర్రాడొకడు వచ్చి, "ఏం కావాలండీ?" అని అడిగాడు.

"ఏమీ వద్దు బాబూ. నేను ఇక్కడ పనిచేశాను" అంది అమ్మ.

కుర్రాడు ఒక్క క్షణం ఆగాడు. పక్కనున్న స్టూల్ లాగి, "కూర్చోండమ్మా" అన్నాడు.